గాబ్రియేలన్న వేసిన లాకు

ఏమప్పా, నీ జీపుకు బురదలో దిగబడకుండా లాకు వేపిస్తాండావంటనే? వెనక్కా, ముందరికా? వెనక్కే కదా, మంచిది. ముందర ఇరుసుకు వేపిచ్చినావంటే స్టీరింగు నీ మాట వినదు, రెట్టలు పడిపోతాయి. ఈ మాట నాది కాదులే, గాబ్రియేలన్నది. కూచో. ఆ మంచం మీద వద్దు, నులక తెగింది, అరుగు మీద కూచో. నేను మీ తాత దేవేంద్రప్ప దగ్గర డ్రైవరుగా ఉంటి కదా, కర్నూలు రాజధానిగా ఉన్న దినాలు. కొండమీద ముగ్గురాయి గని మీ తాతది. ఊరికీ కొండకూ నడిమధ్య రెండు మైళ్లు నల్లరేగడి. వాన పడిందంటే ఆ నేల కాలికున్న చెప్పు కూడా ఇయ్యదు. మీ తాత మదరాసుకు పొయ్యి మిలిట్రీ వాళ్ల వేలంలో జీపు తెచ్చె. నాలుగు చక్రాలూ లాగుతాయి, యాడికైనా పోతాదని చెప్పిరంట. మొదటి వానకే దిగబడె. బురదలో ఉండే చక్రం గిర్రున తిరుగుతాది, దాని జతది గుడ్లప్పగిచ్చి చూస్తాంటాది. రెండు కాండ్ల ఎద్దులు కట్టి పీకితిమి. ఎద్దులు తోలిన మారెన్న, "జీపు కొనేకి ముందర నన్నడిగింటే ఇంకో జత ఎద్దులు కొనమందును గదప్పా" అనె. మీ తాత మూడు దినాలు మారెన్నతో మాట్లాడల్యా.

అప్పుడు పిలిపిచ్చినాడు గాబ్రియేలన్నను. నంద్యాల దిక్కాయన. యుద్ధంలో బర్మాలో మిలిట్రీ లారీలు రిపేరి చేసినోడు. ఎంత ఎండలోనైనా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు, ఎందుకో అడిగితే నవ్వుతాడు. వచ్చినోడు వచ్చినట్లే జీపు కింద దూరి పండుకునె. గంటైనా రాల్యా. నిద్రపోయినాడేమోనని నేను కాలు తడితి. "చూస్తాండాలే పుల్లన్నా" అనె. బయటికొచ్చి మీ తాతకు చెప్పినాడు చూడు, నాకిప్పటికీ మతికుండాది. చేను కొసన కాడి తిప్పేటప్పుడు లోపలెద్దు నిలబడి బయటెద్దు నడుస్తాది గదయ్యా, ఇరుసు నడిమధ్య ఉండే పండ్లచక్రాలు ఆ పనే చేస్తాయి, మలుపులో మంచిదే, బురదలోనే అట్ల దేనికదే నడిస్తే పనికిరాదు అనె. దానికి రెండు దార్లుండాయంట. పండ్లచక్రాలన్నీ కలిపి వెల్డింగు పెట్టేస్తే ఒక పూటలో అయిపోతాది, కానీ మల్ల విడిపోవు. రాతిబాట మీద మలుపు తిరగల్లంటే టైర్లు ఈడ్చుకుంటా పోతాయి, యాన్నో ఒకచోట ఇరుసు విరుగుతాది. రెండోది, సీటు పక్కన పిడి. పైకి లాగితే రెండు చక్రాలూ ఒకటైతాయి, దించితే దేనికదే. బురదలో లాగల్ల, గట్టినేల తగుల్తానే దించల్ల. మీ తాత పిడే కావాలనె.

పదహైదు దినాలంటే నెల పట్టె. ద్రోణాచలంలో తెలిసినోని దగ్గర లేతు మిషను మీద పండ్లు కోపిచ్చుకోనొచ్చి, ఆకురాయితో ఈడ కూచోని ఒక్కొక్క పన్నూ అరగదీసె. గోరు పెట్టి చూసేది, మల్ల రాకేది. మీ అవ్వ భీమమ్మ అన్నం పంపిస్తే వాకిట్లోనే తిని ఆకు తనే ఎత్తేసేవాడు. అప్పుడట్లుండె లోకం, ఏం చేస్తాం. లాకు బిగిచ్చినాంక వాన పడినదినం జీపును కావాలనే దించితిమి రేగడిలోకి. ఊరంతా వచ్చె చూసేకి. మారెన్న ఎద్దుల్ని కట్టుకోని తయారుగా నిలబడినాడు. నేను పిడి లాగితి. జీపు గొణుక్కుంటా గొణుక్కుంటా నడిచొచ్చె. జనం మొగాలు చిన్నబోయె. పని మానుకోనొచ్చిరి గదా పాపం.

ఇంగ దసరా. ఆయుధపూజ ముందుదినం వాన. రేగడిలోంచి లాకు మీదనే వచ్చి మీ వాకిట్లో నిలిపితి, పిడి పైకే ఉండాది, దించేది మర్చిపోతి. తెల్లారి జీపు కడిగి కుంకుమ పెట్టిరి. మీ అవ్వ పసుపుదారం తెచ్చి స్టీరింగుకు కట్టె, గేరుకు కట్టె, ఈ పిడి నున్నగా ఉండాది, దారం జారిపోతాందని పిడినీ సీటు కమ్మీనీ కలిపి ఏడు చుట్లు చుట్టె. మీ ఇంటి ఆచారం తెలుసు గదా, ఇనుముకు కట్టిన దారం మూడోదినం నీళ్లల్లో కలిపేదాకా తెంపకూడదు. విజయదశమినాడు గని కాడ టెంకాయ కొట్టేకి పోతిమి. ముందర నేనూ మీ తాతా, వెనక గాబ్రియేలన్న. రేగడి దాటి రాతిబాట ఎక్కినాం. "పుల్లన్నా, లాకు దించు" అనె వెనకనుంచి. "దారం కట్టినారు గదన్నా, తెంపకూడదు, నిదానంగా పోతాలే" అంటి. ఆయప్ప చర్చికి పోయేటోడు, దారం తెంపమని ఎట్ల నోరు తెరుస్తాడు? మీ తాత అప్పటికే కునుకు తీస్తాండె, ఈ మాటలేవీ ఆయన చెవిన పడల్యా. పోయేటప్పుడు ఏమీ కాల్యా. దాంతో నాకు ధైర్యమొచ్చె. దిగేటప్పుడు జోరు పెరిగె. మలుపులో స్టీరింగు తిప్పితి, ముందర చక్రాలు తిరిగె, బండి తిరగల్యా. వెనక రెండూ కలిసి ముందుకే తోసె. నేరుగా పొయ్యి బండల్లో బోర్లాపడె. నాకు గీరుకునె అంతే. మీ తాత కాలు జీపు కింద ఉండాది.

మంచం మీద మోసుకోనొస్తిమి. మీ అవ్వ ఏడుస్తా ఏడుస్తా అడిగిన మొదటి మాట, "దారం తెగిందా?" అని. జీపు బోర్లాపడింది గానీ దారం తెగల్యా. అమ్మవారి దయ, అందుకే పానం దక్కిందనిరి అందరూ. ఇంగ పెద్దలు అరుగుమీద కూచోని, ఏమైందిరా అని నన్నడిగిరి. నేను నేల చూస్తాండా. గాబ్రియేలన్న నన్ను చూసె, మీ అవ్వను చూసె. "నేను కోసిన పండ్లే బాగలేవయ్యా, పట్టుకుని ఇడవల్యా, తప్పు నాదే" అనె. అంతే. ఆ దినంనుంచి ఈ చుట్టుపక్కల ఆయప్ప చేతికి సైకిలు కూడా ఎవురూ ఇయ్యల్యా. మీ తాత కుంటినప్పుడల్లా మీ ఇంట్లో ఆ పేరు తిట్టేది నువ్వు కూడా వినే ఉంటావు.

రెండేండ్లకు కడపలో కనపడె, ఆయిలింజన్ల షెడ్డులో కూలికి. నేను కాళ్లు పట్టుకోబోతి, నన్ను కాపాడినావన్నా అని. "నిన్ను కాదులే" అనె. "దారం కట్టింది ఆయమ్మ. తన చేత్తో మొగున్ని కుంటోన్ని చేసినానని తెలిస్తే ఆయమ్మ అన్నం తింటాదా?" అనె. మల్ల పని చూసుకునె. ఆ షెడ్డులోనే పొయ్యినాడంట, నాకు తెలిసేసరికి ఏడాదైపాయె. నోట్లో నువ్వుగింజ నాననోన్ని, ఈ ఒక్కమాట యాభైఐదేండ్లు దాచినా. ఆయప్ప దాచింది మీ అవ్వ కోసం, నేను దాచింది నాకోసం. మీ అవ్వ పొయ్యి నెలాయె గదా, ఇంగ చెప్పొచ్చనిపిచ్చె. జీపును తుక్కుకు ఏసేటప్పుడు ఇరుసు ఇప్పింది నేనే అప్పా. ఒక్క పన్నూ అరగల్యా. మీ ఇంట్లో చెప్పు. గాబ్రియేలు పని బాగనే చేసినాడని చెప్పు, మీ నాయనకు కూడా చెప్పు. దారం సంగతి ఎందుకులే, పుల్లన్న మర్చిపోయినాడని చెప్పు, లాకు దించేది.

ఏమి అట్ల చూస్తావు... అదో, కొళాయి వచ్చినట్లుండాది. ఆ బిందె ఇట్లియ్యి.