మొప్పలో ఐసుముక్క

చూపు పోయాక ముసలి జాలరి పడవ ఎక్కడం మానేశాడు. అప్పటినుంచీ ఏటికి కూతురే వెళ్తోంది. ఆ ఉదయం ఆమె తెచ్చిన చేపను అతను చేతుల్లోకి తీసుకుని తడిమాడు.

"ఏరు ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది నాన్నా. నీ రోజుల్లోలాగే పడుతున్నాయి."

"మరి మొప్పలో ఈ ఐసుముక్కేంటి?"

ఆమె చేపను అతని చేతుల్లోంచి తీసుకోబోయింది. అతను వదల్లేదు.

"బజార్లో కొన్నావు కదూ?"

"ఎన్నిసార్లు వేసినా వల ఖాళీగానే వస్తోంది నాన్నా. నీతో చెప్పడానికి నోరు రాలేదు."

"నాకు చూపున్నప్పుడే చేపలు తగ్గుతూ వచ్చాయి తల్లీ."

"తెలిసీ రోజూ ఎందుకడిగేవాడివి?"

"బాగుందని నువ్వంటుంటే వినాలనిపించేది."

"ఇప్పుడేం చేద్దాం?"

"రేపు నన్నూ పడవెక్కించు. ఖాళీ వలైనా ఇద్దరం కలిసి లాగుదాం."