కళ్ళజోళ్ళ లాయరు కూతురి సాక్ష్యం

దేవుణ్ణి ఎవరు చేశారని పిల్లాడు అడిగితే నోరు ముయ్యమంటావేంటమ్మాయ్? వాడడిగింది నిన్ను, చెప్పు మరి. ఆఁ, తెలీదు కదా. తెలీనప్పుడే మనందరికీ కోపమొస్తుంది, ఒక్క కళ్ళజోళ్ళ లాయరుకి తప్ప. నువ్వు పుట్టకముందే పోయాడులే. నా కుట్టుమిషను పక్క షాపే ఆయనది. చేసేది కళ్ళజోళ్ళ పని, వాదనకి దిగితే మాత్రం ఎదుటివాడు ఓడిపోయి లేవాల్సిందే, అందుకని లాయరన్నాం. ఊరికే నమ్మితే చాలదు, ఎందుకు నమ్మాలో కూడా చెప్పాలనేవాడు. కళ్ళ పరీక్ష ఫ్రేము తగిలించుకుని కదలకుండా కూర్చున్నవాణ్ణి పట్టుకుని, "యేసు చనిపోయి తిరిగి లేవలేదనేవాళ్ళు సమాధిలోంచి శవాన్ని తెచ్చి చూపిస్తే సరిపోయేది. ఎందుకు చూపించలేదంటారు?" అని మొదలెట్టేవాడు. "అయ్యా, నేను పేపరు చదువుకోడానికి అద్దాలడిగానండీ" అని వాడి ఏడుపు వాడిది.

ఇంట్లోనూ అదే గోల. ఒక్కతే కూతురు. పడుకోమంటే "ఎందుకు?" అంటుంది. ఈయన కుర్చీ లాక్కుని నిద్ర మీద ఉపన్యాసం. దాని మీద అది మళ్ళీ ప్రశ్న. వంటగదిలోంచి వాళ్ళావిడ, "ఇద్దర్నీ కలిపి బయట పెట్టి తలుపేస్తాను!" ఆవిడా తక్కువది కాదులే, నాచేత ప్రతి కుట్టూ రెండుసార్లు విప్పించేది. ఏం చెబుతున్నాను? ఆఁ, అద్దాలు. ఒకరోజు సొరుగులో పరీక్ష అద్దాలు పగిలి ఉన్నాయి. కూతురే పగలగొట్టిందని రుజువు చేశాడమ్మా ఈ మహానుభావుడు! "షాపులో ఉన్నది మనిద్దరం. నేను ముట్టుకోలేదు. కాబట్టి నువ్వే." కాదు మొర్రో అంటే, అబద్ధం కూడానా అని బడి పిల్లల విహారయాత్ర మాన్పించాడు. ఆ బస్సు అటు వెళ్ళిందో లేదో, ఈయన సొరుగు మోకాలితో నెట్టి మూశాడు, లోపల ఇంకో అద్దం పటుక్కుమంది. ముందు పగలగొట్టిందీ ఆ మోకాలే! షాపు నిండా జనం. ఒకాయన ఒక కన్ను మూసుకుని అక్షరాలు చదువుతున్నాడు. ఆయన్నలాగే వదిలేసి, మూల కూర్చున్న పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడి, "తప్పు నాదమ్మా, క్షమించు" అన్నాడు. పిల్ల మొహం తిప్పేసుకుంది. తిప్పుకోదూ మరి?

కొన్నేళ్ళకి అది బాప్తిస్మం అడిగింది. మా సంఘంలో ముందు అందరెదుటా నిలబడి ఎందుకు నమ్మావో సాక్ష్యం చెప్పాలి. చెప్పలేకపోతే మళ్ళీ ఏడాదే. ఈయన ఎన్ని వాదనలు నూరిపోశాడో, ఒక్కటీ చెప్పలేదది. "మా నాన్న ఎవరి మాటా వినడు. అమ్మ మాటా వినడు, పాస్టరు గారి మాటా వినడు. అలాంటాయన నా ముందు మోకాళ్ళూని క్షమించమన్నాడు. ఆయనకి కూడా చెప్పగలవాడు పైన ఒకడున్నాడని నాకు అప్పుడే తెలిసింది" అంది. మేమంతా కళ్ళు తుడుచుకుంటున్నాం. ఈయన లేచి నిలబడ్డాడు! "పాస్టరు గారూ, ఈ వాదన నిలవదు. మనిషి సిగ్గేసి కూడా క్షమాపణ అడగొచ్చు." కన్నకూతురి బాప్తిస్మమమ్మా! వాళ్ళావిడ చొక్కా పట్టుకు లాగుతోంది. పాస్టరు గారు పిల్ల వంక చూశారు, ఇప్పుడేమంటావన్నట్టు. అది బెదరలేదు. "సిగ్గేస్తే ఇంటికెళ్ళాక అడిగేవాడివి నాన్నా. అంతమంది ముందు అడిగావు."

ఆయన నోరు తెరిచాడు. ఏదో ఒకటి వస్తుందని చూస్తున్నాం. మెల్లగా కూర్చున్నాడు. నేను వెనక బెంచీలో ఉన్నాను, వీపే కనిపించింది. ఆ భుజాలు చూడాలి నువ్వు... ఆఁ? నా కళ్ళకా? ఏం లేదు. ఆ కిటికీ వెయ్యి, ఎండ మొహాన కొడుతోంది.