సన్న అక్షరాలు

డుంబ్రిగుడ దగ్గరి ఊళ్లో పెద్దల చదువు కేంద్రం. బల్ల మీద పలకంత ఈ-రీడర్, తెర మీద పుస్తకం చదివే మిషను. దానికి అటు విశాఖ ఆఫీసు నుంచి వచ్చిన ఫణీంద్ర, ఇటు చదువు చెప్పే నీలవేణి. ఇద్దరూ ఉప్పూ నిప్పూలా ఉన్నారు.

"మార్చను అన్నాను కదా. మళ్లీ అదే పాట ఏమిటి?"

"మార్సాలి సార్. అక్షరాలు దారప్పోగుల్లాగున్నాయి. ఒత్తులైతే కింద లైనుకి అతుక్కుపోతన్నాయి."

"ఆ ఫాంటు ఎంచింది నేను. ఆఫీసులో అందరూ బాగుందన్నారు."

"ఆఫీసులో ట్యూబులైటుంటాది. మా ఇళ్లల్లో ఏటుంటాది? తెరా బూడిద రంగే, అక్షరమూ బూడిద రంగే."

"ఫాంటుల గురించి నీకేం తెలుసు?"

"నాకేటీ తెల్దు. సదివీవోళ్ల కళ్లు తెలుసు. అందరూ అరవై దాటినోళ్లు. నిర్మలక్క వాచకంలో పెద్దక్షరాలు కూడబలుక్కుని సదివీది. ఈ తెర సూసి, నాకింక సదువు రాదని ఏడిసింది. నాకు కడుపు మండిపోతంది సార్."

"లావు అక్షరం పెడితే పేజీకి ఆరు లైన్లే పడతాయి. పుస్తకం మూడింతలవుతుంది."

"అవనీండి. కాగితం కొనాలేటి?"

"నోరు అదుపులో పెట్టుకో. రేపు నలభై ఊళ్ల మిషన్లలోకి ఇదే ఎక్కుతుంది. ఎక్కాక మార్చేది లేదు."

"అందుకే సెప్తన్నాను. ఇదెక్కితే మావోళ్లు మిషను మూటగట్టి అటక మీద పడెత్తారు."

"వాళ్లు చదవకపోతే తప్పు చెప్పేవాళ్లది. అదే రాసి పంపితే నీ ఉద్యోగం ఉండదు, తెలుసా?"

"తెలుసు. కిందటి నెలా ఇలాగే అన్నారు. సదవకపోతే కేంద్రం మూసెత్తామని."

"చదివారుగా మరి. నీ దగ్గర చదువుకునే గాసి తాత ఇదే మిషను మీద ఎక్కడా తడుముకోకుండా కథంతా చదివాడు. వీడియో తీశాను. అది చూశాకే పైవాళ్లు ఈ ఫాంటు ఖాయం చేశారు."

"తప్పు నాదే సార్. మీరొస్తారని తెలిసి మూడు సాయంత్రాలు ఆ కథ సదివి ఇనిపించాను. మావోళ్లు ఇన్న కథ మర్సిపోరు."

"అబద్ధం. ఫాంటు మార్పించడానికి ఇదో ఎత్తు. అక్షరం అక్షరం మీద వేలు పెట్టి మరీ చదివాడు, నా కళ్లతో చూశాను."

"ఏలు సూసారు. ఆ వీడియో మళ్లీ బాగా సూడండి. కథ ఆరు పేజీలు. గాసి తాత ఒక్క పేజీ కూడా తిప్పనేదు."