గెలిస్తేనే పాడాల్సిన పాట

మెల్‌బోర్న్ శివార్లలో కిల్న్‌ఫీల్డ్ మైదానం. శనివారం సాయంత్రం, ఆస్ట్రేలియా తరహా ఫుట్‌బాల్ ఆట ఆఖరి క్వార్టర్. కంచె పక్కన ఇద్దరు: నూరేళ్ల క్లబ్బుకు చరిత్ర రాస్తున్న డెనీస్, ఒకప్పటి ఆటగాడు క్లారీ తాత.

"...బంతి కోసమే ఎగిరాడమ్మాయ్ మా జట్టు బ్లూయీ. దిగేసరికి చేతిలో ఉన్నది సీగల్ పక్షి. అంపైరు అదీ మంచి పట్టేనని విజిలేశాడు."

"తాతా, ఇది చరిత్ర. ఇలాంటివి రాస్తే జనం నవ్వుతారు."

"మన ఆట చూసి నవ్వట్లేదూ? రాసుకో. క్లబ్బు పెట్టింది ఇటుకబట్టీ వాళ్లు. మొదటి బంతి గొర్రెతోలు చుట్టిన ఇటుక. అందుకే మనవాళ్లు ఇప్పటికీ తన్నబోయి కాలు వెనక్కి లాగేస్తారు."

"నిజమేనా?"

"వాళ్ల కుంటి నడక చూస్తే తెలీదూ?"

"సరే, అది వదిలెయ్. నాక్కావలసింది క్లబ్బు పాట. ఎవర్నడిగినా క్లారీ తాతకే తెలుసంటున్నారు."

"చూడు చూడు! మన నాలుగో నంబరు బూటు లేసు కట్టుకుంటున్నాడు, బంతి పక్కనుంచే పోతుంటే!"

"మాట మార్చకు."

"గెలిచాకే పాడాలమ్మాయ్. బట్టలు మార్చుకునే గదిలో, భుజాల మీద చేతులేసుకుని, గుండ్రంగా నిలబడి. ఊరికే పాడితే అరిష్టం. కాగితం మీద పెడితే మరీ అరిష్టం. అది మన కట్టుబాటు."

"ఈ కుర్రాళ్లు చేరాక ఒక్కటీ గెలవలేదు, ఒక్కడికీ ఒక్క ముక్క రాదు. ఇవాళ గెలవకపోతే లీగు వాళ్లు మనల్ని నార్త్‌గేట్ క్లబ్బులో కలిపేస్తారు. పేరు పోతుంది, జెర్సీ పోతుంది. పాటైనా మిగలనివ్వు."

"నార్త్‌గేట్ వాళ్లా! చేత్తో పట్టుకుని కొరికే మీట్ పై రొట్టెకి ఫోర్కు అడిగే రకం."

"మొదటి లైను చాలు. చెవిలో చెప్పు."

"మా రోజుల్లో ఇక్కడ బురద ఎంతంటే, చలికాలంలో దిగబడ్డ ఫ్రాంక్‌ని ఎండాకాలం క్రికెట్ వాళ్లు తవ్వి తీశారు. చేతిలో బంతి అలాగే ఉంది."

"తాతా!"

"వదల్లేదమ్మా. అదీ ఆటంటే."

"స్కోరు చూశావా?"

"ఈ మీట్ పై తింటుంటే చింది, నా కళ్లజోడు నిండా టమాటా సాసే. నువ్వే చెప్పు."

"సమానం. సమానం తాతా! బంతి మన దగ్గరే. పట్టాడు... నాలుగో నంబరు పట్టాడు!"

"లేసుగాడా? అయిపోయాం."

"సైరన్! టైమైపోయింది!"

"మోగనీ. ముందే పట్టాడుగా, తన్నొచ్చు. నడిమి గుంజల మధ్య పడాలంతే. నేను చూడలేను. తన్నాడా?"

"నడుస్తున్నాడు... తన్నాడు..."

"ఏమైందే? చెప్పవే!"

"గుంజకు తగిలింది."

"విన్నాలే. టంగ్! మన చరిత్రంతా ఆ చప్పుడే. నాతో ఆడిన మీ సొంత తాత తన్నినా గుంజకే, నేను తన్నినా గుంజకే. రాసుకో: ఇటుకల క్లబ్బు గుంజకు తగిలి చచ్చింది."

"ఆగు తాతా. గోల్ అంపైరు జెండా ఊపుతున్నాడు. ఒక్క జెండా."

"ఒక్కటే ఊపుతాడు మరి. సరిగ్గా పడితే ఆరు, గుంజకు తగిలితే ఒక్క పాయింటే."

"సమానం మీద ఒక్క పాయింటు తాతా!"

"అంటే..."

"గెలిచాం!"

"గుంజకు కొట్టి గెలిచామా? సిగ్గులేని వెధవలు! నా బంగారాలు!"

"ఏడుస్తున్నావా?"

"సాస్ పడిందిలే కంట్లో."

"లే, పద పద. కుర్రాళ్లు గదిలోకి పరుగెత్తారు, గుండ్రంగా నిలబడి నీకోసమే చూస్తుంటారు. ఇప్పుడిక అరిష్టం లేదు, ఎత్తుకో."

"ఏం ఎత్తుకోను?"

"పాట!"

"నాకెలా వస్తుందమ్మాయ్? నేనాడినన్నాళ్లూ ఒక్కటైనా గెలిస్తే కదా!"