కుడిచేతి స్తంభం పక్కన

(ఆదివారం పొద్దున. ఇంటి ముందు వీధిలో పన్నెండు సీట్ల వ్యాను కడుగుతున్న డ్రైవరు. మెట్ల మీద కూర్చుని అతని భార్య.)

"ముందా పైపు కట్టేయండి. అరిచి చెప్పే మాట కాదిది."

"చెప్పు, వింటూనే ఉన్నా. చక్రాల్లో బురద ఎండిందంటే మళ్ళీ గోళ్ళతో గీక్కోవాలి."

"శుక్రవారం సాయంత్రం బస్సు. రెండు సీట్లు. టిక్కెట్లు తీసేశాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి? వారం నుంచి చెప్తున్నాగా. ఆ గుడి ఊరికి."

"ఇదిగో, కట్టేశా పైపు. ఇప్పుడు చెప్పు. బస్సేంటి? పదకొండేళ్ళుగా వారానికోసారి ఆ ఊరికి జనాన్ని మోస్తున్నవాడి పెళ్ళాం బస్సులో వెళ్తుందా? వింటే నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీండి."

"ఓనరుని ఒక్క మాటడిగితే వ్యానిస్తాడు. డీజిలు పోసుకుంటే చాలు. ముందు సీట్లో కూర్చుని కాళ్ళు జాపుకుని..."

"వ్యాను వద్దు."

"ఎందుకొద్దు?"

"వ్యానుంటే మీరు వ్యాను దగ్గరే ఉండిపోతారు. పార్కింగంటారు, తాళమంటారు, టైరులో గాలంటారు. బస్సనుకోండి, దిగేశాక అది మనది కాదు. ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళి ఇద్దరం లోపలికి వెళ్ళాలి."

"నీకు సెలవు దొరకొద్దూ?"

"దొరికింది. మూడు రోజులు. నిన్న సూపర్‌వైజరమ్మని అడిగా. ఎందుకమ్మా అంది. గుడికన్నాను. మొక్కు తీర్చుకోడానికా అంది. కాదండీ, ఒక మాట అడిగి రావడానికన్నాను. అదోలా చూసి సంతకం పెట్టింది. ఈ ఐదు నెలల్లో నేనొకర్ని ఏదన్నా అడగడం అదే మొదలు."

"అదేం లెక్క?"

"లెక్క కాదు. చంటోడు పోయిన దగ్గర్నుంచీ ఎవర్నీ ఏమీ అడగబుద్ధి కావట్లేదు. కూరలవాణ్ణి కొసరు కూడా అడగట్లేదు. వాడే జాలిపడి రెండు మిరపకాయలు ఎక్కువేస్తున్నాడు."

"ఇరవయ్యారేళ్ళ మనిషిని ఇంకా చంటోడు చంటోడంటే..."

"నేను పెంచిన తమ్ముడు. ఇరవయ్యారైనా అరవయ్యారైనా నాకు చంటోడే. అరవయ్యారు ఎలాగూ రావుగా ఇంక."

"నేనలా అనలేదు. నాకు మాత్రం వాడు పరాయివాడా? బావా బావా అంటూ ఈ వ్యాను మీద స్టీరింగు నేర్చుకున్నాడు. అదిగో ఆ సొట్ట వాడిదే."

"తెలుసు."

"సరే. నువ్వనేది గుడికి వెళ్ళాలని. అంతేగా. దక్షిణాదిన గుళ్ళకేం కొదవ? సముద్రం పక్కన ఒకటుంది. చల్లగా ఉంటుంది, జనం ఉండరు. పోయినేడు బ్యాంకువాళ్ళని తీసుకెళ్ళా. అక్కడికెళ్దాం. రెండ్రోజులు కూర్చుంటే నీకూ కాస్త మనసు..."

"ఆయనతో నాకేం పని?"

"ఎవరితో?"

"ఆ సముద్రం పక్కాయనతో. మీరడిగింది ఈయన్ని. కాదన్నదీ ఈయనే. ఎందుకు కాదన్నాడో ఈయన్నేగా అడగాలి."

"దేవుణ్ణి నిలదీస్తావా ఏంటి?"

"నిలదీయను. గొడవా పెట్టుకోను. నాకు కోపం రావట్లేదండీ. వస్తే బాగుండును. ఏడుపూ రావట్లేదు. ఫ్యాక్టరీలో డబ్బాకి పది మాత్రల షీట్లు పెట్టి మూతేస్తాను చూడండి, అలా రోజుకి మూతేస్తున్నాను. లేస్తున్నా, తింటున్నా, పడుకుంటున్నా. మొన్న స్టవ్వు మీద చెయ్యి కాలుతుంటే చూస్తూ నిలబడ్డాను. మీరేగా లాగింది."

"అందుకే డాక్టరుకి చూపిద్దామన్నా."

"డాక్టరు కాదన్లేదుగా. ఆయనకి చేతనైంది చేశాడు. పైవాడు కాదన్నాడు. అడిగి మరీ కాదనిపించుకున్నాం మనం. ఎందుకూ అని ఒక్క మాట. జవాబిస్తే వింటాను, ఇవ్వకపోతే వచ్చేస్తాను. అడక్కపోతే మాత్రం ఇలాగే ఉండిపోతాను. ఆ సంగతి ఒక్కటీ నాకు బాగా తెలుస్తోంది."

"శనివారాలు అక్కడ గది దొరకదే."

"మీకు తెలిసిన లాడ్జీలున్నాయిగా."

"ఒకటా రెండా! ఆ ఊళ్ళో నాకు తెలియని సందుంటే చెప్పు. బస్టాండు ఎదురుగా ఉన్నదానికి పోకూడదు, పరుపుల్లో నల్లులు. దాని వెనకది బానే ఉంటుంది కానీ వేడినీళ్ళు ఐదింటికే అయిపోతాయి, నాలుగున్నరకే బకెట్టు పట్టుకుని నిలబడాలి. మూడో వీధిలో పెద్దావిడ ఒకామె మేడ మీద గదులిస్తుంది. నేనంటే గౌరవం. దుప్పటి ఉతికిందే వేస్తుంది. అక్కడ దిగుదాం. ఎదురుగా పంక్చరు కొట్టు, పక్కన..."

"ఇవన్నీ బయటి సంగతులు. లోపలి సంగతి చెప్పండి."

"లోపలేముంటుంది? గుళ్ళో ఏముంటాయో అవే."

"ఎటునుంచి వెళ్ళాలి?"

"క్యూ ఎటుపోతే అటు."

"ఎన్ని గుమ్మాలు దాటాలి?"

"మూడో నాలుగో. రద్దీని బట్టి."

"రద్దీని బట్టి గుమ్మాలు మారతాయా?"

"గుమ్మాలు మారవు. తెరిచేవి మారతాయి."

"నీళ్ళు నమలకండి. ఆ రోజు ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పారుగా."

"ఏ రోజు?"

"ఏ రోజేంటండీ! వాడు లిఫ్టు బాగుచేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు, తలకి ఆపరేషనన్నారు. పొద్దున పదింటికి డాక్టరు బయటికొచ్చి సాయంత్రందాకా ఏం చెప్పలేనన్నాడు. మీరేమో బేరం మీద ఆ ఊళ్ళో ఉన్నారు. నేనిక్కణ్ణుంచి కదల్లేను, మీరు అక్కడే ఉన్నారు, లోపలికెళ్ళి వాణ్ణి నాకిమ్మని అడగండని ఫోన్ చేశాను. చేశానా లేదా?"

"చేశావు."

"రెండింటికి మీరు తిరిగి చేశారు. అడిగాను అన్నారు. కుడిచేతి వైపు స్తంభం ఉంది, దాని పక్కన నిలబడి వాడి పేరు చెప్పా, వయసు చెప్పా, మా ఆవిడ పెంచిన పిల్లాడని చెప్పా. దీపం వెలుగులో ఆయన మొహం నవ్వుతున్నట్టే ఉంది, నువ్వేం భయపడకు, అన్నారు. అవునా?"

"ఐదు నెలల కిందటి మాట. అంత గుర్తుంటుందా నాకు?"

"నాకుంది. ఆ మాట మీదే ఆస్పత్రి బెంచీ మీద సాయంత్రందాకా కూర్చున్నాను. నర్సమ్మ మంచినీళ్ళిస్తే, పర్లేదమ్మా, మా ఆయన అడిగారు, అని చెప్పాను. ఆరింటికి వాడు పోయాడు. అందుకని ఆ స్తంభం దగ్గరే నిలబడాలి నేను. మీరెక్కడ నిలబడి అడిగారో అక్కడే."

"నిలబడనివ్వరే. తోసేస్తారు. రెప్పవేస్తే అయిపోతుంది దర్శనం."

"మిమ్మల్ని నిలబడనిచ్చారుగా. పేరూ వయసూ అన్నీ చెప్పేదాకా."

"ఆ రోజు జనం లేరు."

"జనం విపరీతంగా ఉన్నారు, అందుకే ఆలస్యమైంది అన్నారు ఫోన్లో."

"అన్నానా?"

"అన్నారు."

"మరి... జనం ఉన్నా ఒక్కోసారి..."

"ఒక్కోసారి ఏంటి?"

"ఏం లేదు. నురగ ఎండిపోతోంది, కడగనీ."

"కడుగుదురుగాని. ఎందుకలా మొహం తిప్పుకుంటున్నారు? నాతో రావడం ఇష్టం లేదా?"

"ఇష్టం లేకపోవడమేంటి? వస్తాను. బస్సులోనే వస్తాను, సరేనా? గుమ్మందాకా తీసుకెళ్తాను. లోపలికి నువ్వెళ్ళిరా. నేను బయటుంటాను. చెప్పులైనా చూసుకోవాలిగా ఎవరో ఒకరు."

"చెప్పులు పోతే పోనీండి."

"కొత్తవి."

"నేనొక్కదాన్నీ వెళ్తే ఏమంటాడు? ఎవరమ్మా నువ్వంటాడు. ఆయన్ని నేనెప్పుడూ చూసింది లేదు. నేనెవరో ఆయనకి తెలీదు. మీరైతే తెలుసు. ఎదురుగా నిలబడి అంతసేపు అడిగిన మనిషి. మీరు పక్కనుంటే గుర్తుపడతాడు. ఓహో, ఆ కుర్రాడి కోసం వచ్చినవాళ్ళు అనుకుంటాడు. అప్పుడు నేనడుగుతాను."

"నేనూ తెలీదు."

"ఏంటి?"

"ఆయనకి నేనూ తెలీదే. నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదు."

"ఆ రోజా?"

"ఆ రోజూ వెళ్ళలేదు. ఏ రోజూ వెళ్ళలేదు."

"పదకొండేళ్ళలో?"

"పదకొండేళ్ళలో. జనాన్ని దింపుతాను. సామానంతా వ్యాన్లో ఉంటుంది. కదలకు బాబూ, బ్యాగులు జాగ్రత్త అని చెప్పి పోతారు. ఐదు గంటలు, ఆరు గంటలు. వెనక సీటు మీద ఓ కునుకు తీస్తాను. వాళ్ళొస్తారు, తీసుకొచ్చేస్తాను. మళ్ళీసారి వెళ్దాంలే, ఎక్కడికి పోతాడు అనుకుంటూ వచ్చాను. అడిగినవాళ్ళకి వెళ్ళలేదని చెప్పడం నామోషీ అయిపోయింది."

"మరి లోపల అలా ఉంటుంది, ఇలా ఉంటుందని మా పిన్ని వాళ్ళందరికీ చెప్తుంటారుగా."

"తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో అందరూ అవే మాట్లాడుకుంటారు. నా చెవులు అక్కడే ఉంటాయిగా."

"ఆ స్తంభం?"

"రిటైరైన మేష్టారొకాయన అన్నాడు, కుడిచేతి స్తంభం పక్కన నిలబడితే బాగా కనపడిందని. మొహం నవ్వుతున్నట్టుందన్నది ఆయన భార్య."

"పదింటి నుంచి రెండింటిదాకా ఏం చేశారు మరి?"

"వద్దే."

"చెప్పండి."

"నీ ఫోన్ రాగానే బయల్దేరా. నిజంగా బయల్దేరా. వ్యాను వెనక తలుపు తాళం పడటం లేదు. పక్క వ్యాను డ్రైవరుకి అప్పజెప్పి, క్యూ చివరిదాకా పరుగెత్తా. ఏడు గంటలు పడుతుందన్నాడు అక్కడి మనిషి. బతిమాలా. నాలాంటివాళ్ళు రోజుకి వెయ్యిమంది బతిమాలతారట. ఏడు గంటలు నిలబడితే నీకు ఫోన్లో ఏం చెప్పను, నా వ్యాను జనం వచ్చి వ్యాను దగ్గర నేను లేకపోతే ఏమంటారు... తిరిగొచ్చేశా."

"పోనీ వ్యాన్లో కూర్చునైనా అడిగారా? మనసులో?"

"అడుగుదామనే స్టీరింగు మీద తల పెట్టుకున్నా. రాత్రంతా నడిపి ఉన్నాను. నిద్ర పట్టేసింది."

"నిద్ర."

"లేచేసరికి ఒంటిగంటన్నర. నువ్వు ఎదురుచూస్తుంటావు. ఫోన్ చేశా. ఎత్తడమే అడిగారా అన్నావు. నీ గొంతు వింటే నోటికి అడిగానని వచ్చేసింది. కాస్త ధైర్యంగా ఉంటావని ఆ స్తంభం, ఆ నవ్వు, అవన్నీ కలిపేశా. వాడు బాగై ఇంటికొచ్చాక చెప్పి ఇద్దరం నవ్వుకుందామనుకున్నా. వాడు ఆరింటికి పోయాడు. ఇంకెలా చెప్పను? రోజూ పొద్దున్నే చెప్దామనుకుంటా, నీ మొహం చూసి వ్యానెక్కి పోతా. ఏదో ఒకటను. తిట్టు. ఆ బకెట్టు నా మీద గుమ్మరించు. అలా చూస్తూ కూర్చోకు."

"నేనూ అడగలేదండీ."

"నువ్వేంటి?"

"బెంచీ మీద నాలుగు గంటలున్నా మీరు ఫోన్ చేశాక. అడగాలనిపించింది. మీరు ఎదురుగా నిలబడి అడిగేశారుగా, మళ్ళీ నేనెందుకు విసిగించడం, ఒక్కసారి చెప్తే ఆయనకి చాలదా అనుకున్నా. నోరు కట్టేసుకుని కూర్చున్నా."

"నా వల్లే అది."

"మీరు అడగలేదు."

"లేదు."

"నేనూ అడగలేదు."

"లేదులే. ఊరుకో."

"ఎవరూ అడగలేదన్నమాట."

"లేదే. ఎవరూ అడగలేదు."

"అయితే ఆయన కాదనలేదు."