రాణి బొమ్మ కింది వరస

అరవొద్దు ఆదెన్నా, గొంతు పోతాది. సాయంత్రం నాటకముండాది గదా నీకు? ఉండాదో లేదో మల్ల చూస్తాం గానీ, ముందు ఆ అరుగుమింద కూచో.

మోసమంటావా? యాడుందప్పా మోసం! నువ్వు అడిగిన వాల్‌పోస్టరే గదా నేను చేసిచ్చింది!

పోయిన నెల ఈ పంచలోనే నిలబడి ఏమంటివి? 'మద్దయ్యా, టాకీలొచ్చినాక కర్నూల్లో మన డేరా తట్టు చూసేవాళ్లు లేరు. మాణిక్యవల్లి నాటకం మళ్లా ఎత్తుకుంటాండాం. ఇరవై అయిదేండ్ల కిందటి మాదిరే పోస్టరొకటి చెయ్యి. ముసిలోళ్లకు పాతకాలం గుర్తుకు రావల్ల. అప్పటి పనితనం నీ చేతిలోనే మిగిలింది' అనలేదా?

అప్పటి మాదిరే చేస్తి. గులాబిరంగు కాగితం. చుట్టూ చిలకల అంచు. కండ్లు మసకలు కమ్ముతాన్నా, టేకు చెక్కమింద అచ్చరాలు తిరగేసి చెక్కితి. నడుమ ఉయ్యాల, ఉయ్యాలమింద రాణి.

తొలి కాగితం నీకు చూపించినా గదా? వెలుతురుకు పట్టుకోని చూస్తివి. నేను నీ ముఖమే చూస్తాంటి. 'రాణి బాగుండాది మద్దయ్యా, ఎవురు ఈమె?' అంటివి.

ఎవురు ఈమె!

ఆరేండ్లు నీ కంపెనీలో రాణి వేషం కట్టిన మనిషి. రాయచోటిలో, ఉయ్యాల తాడు పీచులు లేచింది మార్చమని మూడుమార్లు నీకు చెప్పిన మనిషి. 'ఈ ఊరికి కానీలే' అంటివి నువ్వు. పాట నడుమ తాడు తెగి పడింది. జనం అదీ నాటకమే అనుకోని చప్పట్లు కొట్టిరి గదప్పా!

నడుము విరిగినదాన్ని సత్రంలో చాపమింద పండబెట్టి, తెల్లారేసరికి తెరలన్నీ బండ్లకెత్తి కడపకు పోతివి. ఆమె చీరే ఇంగొకరికి కట్టించి మరుసటి ఆట ఆడిస్తివి. తొమ్మిదేండ్లు బతికింది మా అక్క ఉరుకుందమ్మ, మంచంలోనే. ఒక్కసారన్నా వస్తివా? ఒక్క కబురన్నా పంపితివా?

తొలి కాగితం చూసిన పొద్దు నువ్వు 'ఎవురు ఈమె' అనకపోయింటే, బొమ్మ కింద ఖాళీగానే ఇడిచిపెట్టేవాన్నేమో. నిజం చెప్తాండా. నువ్వు అట్ల పోతానే ఇంగొక చెక్కపట్టీ తీసుకోని కూచుంటి.

ఏం చెక్కినానో ఊరంతా చదివింది, నా నోట నువ్వూ ఇను. 'ఈ రాణి ఉరుకుందమ్మ. ఉయ్యాల తెగి నడుము విరిగితే, ఈమెను రాయచోటి సత్రంలో ఇడిచిపెట్టి పోయినవాడు ఈ కంపెనీ కంట్రాక్టరు ఆదెన్న.'

నీ మనుషులే అంటించిరి గోడగోడకూ. వాళ్లకు చదువు రాకపోతే నా తప్పా? పొద్దున బురుజు కాడ ఒక ముసలాయన గట్టిగా చదువుతాంటే, నీ ఇప్పటి రాణి సుంకులమ్మ గూడా గుంపులో నిలబడి వినిందంట. నీ ఉయ్యాల ఎక్కనని మూట కట్టుకోని పోయిందంట గదా? మంచిపని చేసింది!

ఏడుస్తాండావా? నీకు ఏడుపు గూడా వస్తాదని తెల్యదే నాకు! ఏడువు. బాగా ఏడువు. ఇది చూసేదానికే బతికుంటి నేను.

ఏమంటివి? మళ్లా చెప్పు.

'ఆ పొద్దు నువ్వు యాడుంటివి' అనా?

…అది మాత్రం జ్ఞాపకముందే నీకు.

బండిమిందుంటి. చుట్టిన తెరలమింద కూచోనుంటి. ఇరవైరెండేండ్ల వయసు. కడపలో కొత్త తెరమింద రాజనగరు నాచేత గీయిస్తానంటివి గదా నువ్వు, ఆ ఆశ. అక్క చాపమిందనుంచే 'పోరా, నాకేంలే' అనింది. ఆ మాట దొరికితే చాలునని ఎక్కితి. నాలుగు నెల్లకు గానీ తిరిగి రాల్యా. వచ్చేసరికి ఆమెకు కాళ్లు సచ్చిపోయినాయి. ఎందుకు పోతివని ఒక్కనాడు అడగల్యా, ఆదెన్నా. ఒక్కనాడన్నా తిట్టింటే ఎంత బాగుండు!

ఆ వరసలో నా పేరూ ఉండల్ల. ఉలి పెట్టినా గూడా. చోటు చాలదని నాకు నేనే చెప్పుకోని ఎత్తేస్తి.

చోటుండె. నీ పేరు పక్కనే జానెడు చోటుండె.