ఊడిన గుండీ, వదులైన స్క్రూ

అందరూ పిచ్చుక అని పిలిచే మనిషి పోయి నెల. ఆవిడ ఇంటి ముందుగదిలో చిన్ననాటి స్నేహితురాళ్ళిద్దరు, బట్టలు కుట్టే ఆమె, వీధికి అవతల ఆమెకి ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆమె, మూతులు చెరోవైపు తిప్పుకుని కూర్చున్నారు. పిచ్చుక కూతురు లోపల బీరువా వెతుకుతోంది.

"మా అమ్మ మీకిమ్మన్న డబ్బా ఒకటుంది, రండి పెద్దమ్మా అని ఫోన్ చేసింది నాకు."

"నాకూ చేసింది. రండి పిన్నీ అని."

"నిన్ను మర్యాదకి పిలిచుంటుందిలే."

"మర్యాదకి పిలిపించుకునే ఖర్మ నాకేం పట్టలేదు. శనివారం మన వీధికొస్తే నా షాపు మెట్టెక్కకుండా ఇంటికెళ్ళేది కాదు పిచ్చుక."

"చూసేదాన్నిగా. కళ్ళజోడు స్క్రూ వదులైందని వచ్చేది. స్క్రూ బిగించడానికి అరగంటా?"

"మిషను తొక్కుతూ టైము కూడా చూసేదానివా?"

"ఎదురుగా ఉంటే కనపడదా?"

"మరి నీ దగ్గరో? గుండీ ఊడిందని వచ్చి ముప్పావుగంట. గుండీ కుడుతున్నావా, కోటు కుడుతున్నావా అనుకునేదాన్ని."

"దాని మంచీ చెడ్డా నాతోనే చెప్పుకునేది. ఎనిమిదో క్లాసులో టైఫాయిడ్ వచ్చి జుట్టంతా రాలిపోతే, నేను కుట్టిచ్చిన టోపీ పెట్టుకునే స్కూలుకొచ్చింది. నా చేత్తో కుట్టిన మొట్టమొదటి గుడ్డ అది."

"ఆ టోపీ లాగేసి నవ్వినవాడి మీద రాయి విసిరి హెడ్మాస్టరు చేత దెబ్బలు తిన్నదెవరు?"

"నువ్వే. అప్పట్నుంచే అది నీ వెనక తిరగడం మొదలెట్టింది. టోపీ సంగతి ఎవరికీ గుర్తులేదు."

"ఇన్నేళ్ళూ అది మనసులో పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. ఆసుపత్రిలోనూ నాకంటే గంట ముందు వెళ్ళి కూర్చున్నావు. ఆ గంటలో ఏమంది?"

"ఏమీ అనలేదు."

"ఏమంది?"

"చెప్పాగా, ఏమీ..."

"నా మీద ఒట్టు. ఏమంది?"

"నువ్వొస్తున్నావా అని అడిగింది. మంచినీళ్ళు పడుతున్నది నేను, అడుగుతున్నది నిన్ను. రెండుసార్లు అడిగింది. చాలా?"

"రెండుసార్లా?"

"ఆ సంతోషం చూడు మొహంలో."

"పెద్దమ్మా, పిన్నీ, దొరికింది. ఇదిగోండి. మీరిద్దరూ కలిసే తెరవాలంది అమ్మ."

"ఇద్దరమా? సరే, తియ్యవే మూత. ఇదేంటి, సగం బ్లేడు?"

"ఆ స్క్రూడ్రైవరు నా షాపుది! దానికోసం ఎక్కడెక్కడ వెతికానో."

"శనివారం బయల్దేరేముందు ఆ బ్లేడుతో అమ్మే గుండీ కోసుకునేది పిన్నీ. స్క్రూ కూడా తనే వదులు చేసుకునేది. నేను చూసి నవ్వితే వీపు మీద ఒకటి వేసేది."

"అదేం పిచ్చమ్మా? ఊరికే వస్తే మేం పొమ్మంటామా?"

"ఊరికే వస్తే మీ ఇద్దరికీ అడ్డమేమోనని. 'వాళ్ళిద్దరూ ఎదురెదురు, రోజంతా ఒకటే కబుర్లు, నేనే మూడోదాన్ని' అనేది. పనుందంటే కాసేపు కూర్చోవచ్చు కదా. ఇంటికొచ్చి ఏడ్చేది పెద్దమ్మా. నిజం చెప్పాలంటే, మిమ్మల్ని చూసి కుళ్ళుకునేది."

"మేమిద్దరం ఒకటని దానికెవరు చెప్పారు?"

"మీరే. మీ దగ్గరికొస్తే 'ఎదురు షాపుది ఇప్పుడే వచ్చి వెళ్ళింది, తెగ నవ్వుకున్నాం' అనేవారట. పిన్ని దగ్గరికెళ్తే పిన్నీ అదే మాట."

"నువ్వూ అన్నావుటే?"

"అన్నాను. నీ దగ్గర ఎక్కువసేపు కూర్చుంటోందని, కాస్త ఉడికిద్దామని. నువ్వో?"

"నేనూ అందుకే."

"ఏమైంది పెద్దమ్మా? ఇద్దరూ అలా అయిపోయారేం?"

"మీ అమ్మ నాకంటే దాన్నే ఎక్కువ చూస్తోందని, దాని షాపు గడప తొక్కడం మానేసి తొమ్మిదేళ్ళయిందమ్మా."